మందు పడలేదా, మాత్ర దిగలేదా?

"మందు పడలేదండీ డాక్టరుగారూ!" పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చినవాళ్ళు ముందుగా అనే మాట ఇది. మన భాషలో ఇంతకంటే పనికొచ్చే మాట లేదు, ఇంతకంటే దారి తప్పించే మాటా లేదు. వాంతి అయినా పడలేదనే అంటాం. మొహం వాచి దద్దుర్లు లేచినా పడలేదనే అంటాం. మోతాదు పదింతలై చూపు పోయినా అదే మాట. మాత్ర పొట్టలోకి చేరకుండా గొంతు కింద ఇరుక్కుని అక్కడే కాల్చినా అదే మాట. ఆ ఒక్కసారి మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. యాంటీబయాటిక్ వాడుతున్న పెంపుడు పిల్లిని ఎలా కనిపెట్టుకుని ఉండాలన్న ప్రశ్న మీద తెలిసినదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఈ నాలుగింటినీ విడదీయగలిగితే సగం పని అయినట్టే. విడదీయడానికి కావలసిన సమాచారం మాత్రం ఆస్పత్రిలో దొరకదు, ఇంట్లో ఉంటుంది.

ప్రశ్న మన ప్రాంతానికి కొంచెం కొత్తది. కృష్ణా డెల్టాలో పశువైద్యం ముందు గేదె చుట్టూ, తర్వాత కోడి చుట్టూ పెరిగింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల వెంట వరి వచ్చింది, వరితో గడ్డి, గడ్డితో పాడి. గన్నవరంలో 1998లో పశువైద్య కళాశాల పెట్టినప్పుడు కూడా ఎవరి మనసులోనైనా ముందు మెదిలింది పాడి గేదే అయివుంటుంది. పిల్లి ఆ లెక్కలోకి రాలేదు. ఎలుకల కోసం ఇంట్లో తిరిగేది, చేపలు కోసేవాళ్ళ దగ్గర కూర్చునేది, జబ్బు చేస్తే ఏ గడ్డివామి కిందకో పోయి పడుకునేది. బతికితే తిరిగొచ్చేది. ఇప్పుడు బెజవాడ పటమటలో, గుణదలలో అపార్ట్‌మెంటు పిల్లి సోఫా మీద పడుకుని వేళకు మందు మింగుతోంది. మందుల సీసా మాత్రం ఇంకా గేదె కొలతలోనే ఉంది. మనుషుల షాపుకు వెళితే అరవై కిలోల కొలత. పిల్లి మూడు నుంచి అయిదు కిలోలు.

దీనికి తోడు మన వంటింటి వైద్యం. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని మన గట్టి నమ్మకం. అందుకే మాత్ర వెయ్యగానే చలవకని పాలో, మజ్జిగో, పెరుగన్నమో పెడతాం. మనిషికి చేసినట్టే పిల్లికీ చేస్తాం. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. టెట్రాసైక్లిన్ జాతి మందులు పాలలోని కాల్షియంతో కలిసిపోతాయి, రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. రెండోది, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. లాక్టోజ్ పడక విరేచనాలైతే ఆ నింద మందు మీదకు పోతుంది. విరేచనాలతో వచ్చిన పిల్లి విషయంలో డాక్టరు "పాలు పోశారా?" అని అడిగితే విసుక్కోకండి. రోగ నిర్ణయం అక్కడే మొదలవుతుంది.

మందుల్లో డాక్సీసైక్లిన్‌తో మొదలుపెడతాను. పిల్లుల జలుబులో యాంటీబయాటిక్ అవసరమైతే అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందు చెప్పేది దాన్నే, మన షాపుల్లో చవగ్గా దొరికేదీ అదే. ఈ మందు వంశానికి మన నేలతో చుట్టరికం కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాల పరిశోధన విభాగాన్ని నడుపుతున్న కాలంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనిపెట్టాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్లకు మూలపురుషుడు. సుబ్బారావు అదే ఏడు పోయారు. డాక్సీసైక్లిన్ 1960ల చివర వచ్చిన మనవడు.

ఆ మనవడు పిల్లి గొంతులో చేసే పని వేరు. పొడి మాత్రను నోట్లో వేసి దవడ మూసి పట్టుకుంటే పిల్లి మింగినట్టే కనబడుతుంది. అది అన్నవాహికలో సగం దూరం పోయి ఆగిపోతుంది. 2001లో 30 పిల్లులకు మాత్రలు మింగించి ఎక్స్‌రే తెర మీద చూసిన అమెరికా పశువైద్యులకు ఇదే కనబడింది: పొడిగా వేసిన వాటిలో ఎక్కువ భాగం అయిదు నిమిషాల తర్వాత కూడా పొట్టకు చేరలేదు, వెంటనే 6 మి.లీ. నీళ్ళు పట్టిస్తే దాదాపు అన్నీ రెండు నిమిషాల్లో చేరాయి. మామూలు మాత్ర ఆగితే కరిగి పోతుంది. డాక్సీసైక్లిన్ హైక్లేట్, హైడ్రోక్లోరైడ్ రూపాలు ఆమ్ల గుణం గలవి, ఆగినచోట పుండు చేస్తాయి. పుండు మానుతూ అక్కడి గొట్టం కుంచించుకుపోతుంది. 2000 తర్వాత బ్రిటన్ నుంచి ఇలాంటి పిల్లుల కథలు వరసగా అచ్చయ్యాయి. క్లిండమైసిన్ కూడా ఈ పని చేయగలదు.

ఇందులో దగా ఏమిటంటే లక్షణాలు ఆ రోజే కనబడవు. కొన్ని రోజులకు, ఒక్కోసారి మందు ఆపేశాక, పిల్లి గిన్నె దగ్గరకు ఆత్రంగా వస్తుంది, రెండు ముద్దలు తింటుంది, మెడ చాచి గుటకలు మింగుతుంది, తిన్నది తిన్నట్టే గొట్టంలా బయటికి వస్తుంది. కడుపు ఎగదన్ని కక్కడం వేరు, ఇలా జారి రావడం వేరు. మొదటిది పొట్టది, రెండోది గొట్టానిది. డాక్టరుకు ఈ తేడా చెప్పగలిగితే, ఫోనులో వీడియో తీసి చూపించగలిగితే, పది పరీక్షల పెట్టు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాగే పాలు మొదటిరోజే పెట్టాడు; మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనబడితే పారిపోయేది; రాయలవారి సభలో అది పాలంటే గిట్టని పిల్లిగా చలామణి అయింది. అందరూ పిల్లి స్వభావం చూశారు, కాలిన మూతి చూసినవాడు లేడు. గొంతులో పుండుతో తిండి మానేసిన పిల్లిని "దీనికి రుచి పెరిగింది, పెట్టింది తినడం లేదు" అనుకునే ఇళ్ళల్లో జరిగేదీ అదే. చేదు మాత్రను పొడి చేసి దానికిష్టమైన చేపలో కలిపినా ఈ కథే తిరగబడుతుంది: పిల్లి మాత్రను కాదు, చేపనే మానేస్తుంది. కాబట్టి మాత్ర వేశాక సూది తీసిన సిరంజితో దవడ పక్కనుంచి నిదానంగా అయిదారు మి.లీ. నీళ్ళు, లేదా వెంటనే రెండు ముద్దల తిండి. మాత్ర మీద కాస్త వెన్న రాసినా జారుతుంది. గొంతులోకి గబుక్కున పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక ఎన్రోఫ్లాక్సాసిన్. డెల్టాలో కోళ్ళ షెడ్డు ఉన్న ప్రతి ఊళ్ళోనూ దీని సీసా కనబడుతుంది, పశువులకు ఇంజెక్షన్‌గానూ వాడతారు. మంచి మందే. పిల్లికి మాత్రం రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. దాటితే కంటిపొర, అంటే రెటీనా, చెడే ప్రమాదముంది. 2000 ప్రాంతంలో విదేశాల్లో పిల్లులు ఉన్నట్టుండి గుడ్డివైపోతున్నాయని గమనించి తయారీదారు మోతాదుకు ఆ హద్దు పెట్టాడు. కారణం 2011లో తేలింది: మందులను కంటిపొర దాకా పోనివ్వకుండా వెనక్కి తోసే ఒక ప్రోటీన్ పిల్లి జాతిలో పుట్టుకతోనే లోపంగా ఉంది. పోగుపడిన మందు వెలుతురు తగిలి కణాలను కాలుస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. పది శాతం ద్రావణమంటే ఒక మి.లీ.లో 100 మి.గ్రా. నాలుగు కిలోల పిల్లికి రోజంతటికీ హద్దు 20 మి.గ్రా., అంటే 0.2 మి.లీ. కోళ్ళ సీసాలోంచి "ఒక్క ఎంఎల్లే కదా" అని పట్టిస్తే అయిదింతలు. ఆ సీసా పిల్లికి వాడనే వద్దు. డాక్టరు లెక్కకట్టి రాసిన ఎన్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నా సరే, ముసలి పిల్లికీ, మూత్రపిండాలు బలహీనమైన పిల్లికీ ఇంకా జాగ్రత్త కావాలి.

చూడవలసింది కంటిపాపను. మిట్టమధ్యాహ్నం వాకిట్లో పిల్లి కంటిపాప సన్నటి గీతలా ఉండాలి. అంత వెలుతురులోనూ గుండ్రంగా నల్లగా తెరుచుకుని ఉంటే, కుర్చీ కాళ్ళకు గుద్దుకుంటుంటే, రోజూ ఎక్కే అరుగు అంచనా తప్పి కింద పడితే మరో డోసు వెయ్యకుండా బయల్దేరాలి. పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. ఈ లక్షణం ఎవరికీ ముందుగా కనబడదు, ఎందుకంటే ఇంట్లో దారులన్నీ పిల్లికి కంఠతా వచ్చు. ఒక కుర్చీ పక్కకు జరిపి చూస్తే బయటపడుతుంది.

మెట్రోనిడజోల్ భయం ఇంకో రకం. విరేచనాలకు ఇచ్చే ఈ మాత్ర విపరీతమైన చేదు. నాలుక మీద పడగానే పిల్లి నోటినిండా నురగ తెస్తుంది, గిరగిరా తిరుగుతుంది, గోడలెక్కుతుంది. మా ఇంట్లో మొదటిసారి ఇది చూసినప్పుడు విషం తిన్నదనీ, పిచ్చి పట్టిందనీ తలో మాటా అనుకున్నాం. పావుగంటలో అది మూతి తుడుచుకుని కిటికీలో కూర్చుంది. చేదుకు వచ్చిన చొంగ దుష్ప్రభావం కాదు. అసలు దుష్ప్రభావం నిదానంగా వస్తుంది: మోతాదు మించినా, చాలా రోజులు సాగినా నరాలకు తగులుతుంది. తాగినవాడిలా తూలడం, తల వణకడం, కళ్ళు పక్కకు పక్కకు కొట్టుకోవడం, ఆఖరికి మూర్ఛ. వెంటనే ఆపితే మామూలుగా కోలుకుంటాయి. మనుషుల 400 మి.గ్రా. బిళ్ళను "నాలుగో వంతు" కొరికి వేసే అలవాటు ఇక్కడే ప్రాణం మీదకు తెస్తుంది. నాలుగు ముక్కలూ సమానంగా వచ్చిన బిళ్ళ నేనింతవరకు చూడలేదు.

అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఎక్కువమంది పిల్లులకు రాసే మందు. పిల్లులు కాట్లాడుకుని తెచ్చుకునే చీము గడ్డలకు బాగా పనిచేస్తుంది. దీనితో వచ్చేవి కడుపు తిప్పడం, పలచటి విరేచనం, తిండి తగ్గడం. తిండితో ఇస్తే చాలావరకు సర్దుకుంటాయి. ఇక్కడ చిక్కల్లా అంకెలో ఉంది. పిల్లుల మాత్ర మీద 62.5 అని, మనుషుల మాత్ర మీద 625 అని ఉంటుంది. చీటీలో చుక్క కనబడకపోతే పదింతలు. షాపు కుర్రాడికి చీటీ ఇచ్చేటప్పుడు "పిల్లికండీ, మూడున్నర కిలోలు" అని నోటితో కూడా చెప్పండి. పిల్లల సిరప్‌లా నీళ్ళు కలిపి ఇచ్చే మందైతే కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, వారం పది రోజులకు పారబోయాలి. రోహిణీ కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో వంటింటి గట్టు మీద ఉంచిన సీసాలో క్లావులనేట్ మిగలదు. ఆ మందుతో తగ్గకపోతే జబ్బు మొండిదనుకుంటాం.

తిండి మానడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుక్క రెండు రోజులు పస్తుంటే నీరసపడుతుంది. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ ఒళ్ళు చేసిన పిల్లయితే, ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి అదే పెద్ద జబ్బవుతుంది. మందు వల్లనా, జబ్బు వల్లనా అన్న చర్చ ఆ తర్వాత చేసుకోవచ్చు. ఒక పూర్తి రోజు ముట్టకపోతే డాక్టరుకు చెప్పాలి.

అసలైన అలర్జీ అరుదు, కానీ నిమిషాల్లో మొదలవుతుంది. మొహం వాపు, ఒళ్ళంతా గోక్కోవడం, వాంతులు, నోరు తెరిచి రొప్పడం, కూలబడిపోవడం. కుక్క నోరు తెరిచి రొప్పుతుంది, పిల్లి అలా చేస్తే ఆపదే. కంటి మందుల్లోనూ ఇది ఉంది: యాంటీబయాటిక్ ఉన్న కంటి ఆయింట్‌మెంటు పెట్టిన నాలుగు గంటల్లోపు ఇలా కుప్పకూలిన 61 పిల్లుల వివరాలు 2011లో ప్రచురించారు. లోకంలో పిల్లుల కళ్ళకు పెట్టే ట్యూబుల సంఖ్య ముందు ఇది చాలా చిన్నది. అయినా కంటి మందు పెట్టి సినిమాకు వెళ్ళిపోకుండా ఒక గంట ఇంట్లో ఉండటం మంచిది. చెవి మందుల ప్రమాదం వేరు, అది అలర్జీ కాదు. కర్ణభేరి చిరిగి ఉన్నప్పుడు జెంటమైసిన్ లాంటి చుక్కలు వేస్తే వినికిడి పోవచ్చు, తల ఒక పక్కకు వాలిపోవచ్చు. ఇంజెక్షన్‌గా ఇస్తే దాని దెబ్బ మూత్రపిండాలకు. క్లోరాంఫెనికాల్ పిల్లి ఎముక మజ్జను అణుస్తుంది. ఈ మందు అవశేషాలున్నాయని 2000ల మొదట్లో మన దేశపు రొయ్యల సరుకును యూరప్ వెనక్కి పంపింది. ఎగుమతి రొయ్యలో లేశమంత మందును పట్టుకోవడానికి ప్రయోగశాలలున్నాయి. ఇంట్లో పిల్లి నోటి చిగుళ్ళు పాలిపోయాయేమో చూడటానికి మనమే ఉన్నాం.

యాంటీబయాటిక్ కాకపోయినా పారాసిటమాల్ మాట చెప్పక తప్పదు. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. జ్వరమని తలచి, యాంటీబయాటిక్‌తోపాటు జ్వరం బిళ్ళ ముక్క వేస్తారు. ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. చిగుళ్ళు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరాడదు. బిళ్ళలో చిన్న ముక్క చాలు. మర్నాడు అందరూ యాంటీబయాటిక్‌ను తిడతారు.

పరిశోధకులే ఇంకా తేల్చుకోని విషయాలు కొన్ని ఉన్నాయి. కొద్దిగా విరేచనమైతే మందు ఆపాలా? హుషారుగా ఉండి తింటున్న పిల్లికి ఆపనక్కర్లేదు, డాక్టరుకు ఒక మాట చెబితే చాలన్నది ఎక్కువమంది అభిప్రాయం. వేసిన ప్రతి డోసూ కక్కేస్తుంటే, రక్తం పడితే తర్వాతి డోసుకు ముందే అడగాలి. మొహం వాచినా, ఊపిరి కష్టమైనా, చూపు తప్పినా, తూలినా అక్కడితో ఆపి పరుగెత్తాలి. "కోర్సు పూర్తి చెయ్యాల్సిందే" అన్న పాత సూత్రాన్ని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు వైద్యులు సవాలు చేశారు; పిల్లుల్లో మామూలు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్‌కు ఇప్పుడు మూడు నుంచి అయిదు రోజులే చాలంటున్నారు. అయితే ఆపేది మనం కాదు, రాసినవారు. ప్రోబయాటిక్ మాటకొస్తే, టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యమైన పిల్లులకు క్లిండమైసిన్ ఇచ్చి చూశారు. దానితో కలిపి ప్రోబయాటిక్ తిన్నవాటిలో వాంతులు తగ్గాయి. పేగుల్లోని బాక్టీరియా మాత్రం మందు ఆపిన ఆరు వారాలకూ పూర్తిగా కుదుటపడలేదు. పిల్లికి మన గడ్డపెరుగు ఆ పని చేస్తుందనడానికి నాకు ఆధారం కనబడలేదు.

వీటన్నిటికంటే ముందు అడగవలసినది ఒకటుంది: ఆ మందు అసలు అవసరమైందా? పిల్లుల తుమ్ములు, ముక్కు కారడం ఎక్కువగా హెర్పిస్, కాలిసి వైరస్‌ల పని. తింటూ, ఆడుతూ ఉన్న పిల్లికి పది రోజుల దాకా యాంటీబయాటిక్ లేకుండా చూడవచ్చని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వయసులో ఉన్న పిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుంటే అందులో బాక్టీరియా ఉండేది చాలా తక్కువసార్లు. మగపిల్లి అలా కూర్చుని చుక్క రాక అరుస్తుంటే దారి మూసుకుపోయిందన్నమాట. దానికి మాత్ర వేసి రేపటిదాకా చూడటమంటే చంపుకోవడమే. మందు పడలేదని వచ్చే పిల్లుల్లో కొన్నింటికి ఆ మందుతో పనే లేదని నా అనుమానం. మిగిలిపోయిన స్ట్రిప్పులు ఇంట్లో ఉండటం దీనికి సగం కారణం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినట్టు వరద వచ్చినప్పుడల్లా ఎలుకజ్వరం భయానికి డాక్సీసైక్లిన్ రాయడం వైద్యుల్లో మామూలే. మిగిలిన నాలుగు బిళ్ళలు ఏడాది తర్వాత పిల్లి నోట్లో పడతాయి. టెట్రాసైక్లిన్ జాతి మందులు పాతబడితే మూత్రపిండాలకు చేటని 1960ల నుంచీ తెలుసు.

చెడు జరిగితే ఎవరికి చెప్పాలి? మనుషుల మందులకైతే 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం ఉంది, 1800-180-3024 కు ఎవరైనా ఫోన్ చేసి చెప్పవచ్చు. బ్రిటన్‌లో, అమెరికాలో పెంపుడు జంతువు యజమాని నేరుగా ప్రభుత్వ సంస్థకే రాయవచ్చు. ఎన్రోఫ్లాక్సాసిన్ సంగతి బయటపడింది అలాంటి ఉత్తరాలు పోగుపడబట్టే. మన దగ్గర 2022లో వచ్చిన, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం. పిల్లికి వచ్చిన చెడు వైద్యుడి గదిలో చెప్పుకుని అక్కడే వదిలేస్తాం. గన్నవరం కళాశాల ఒక రిజిస్టరు తెరిచి డెల్టా వైద్యులందరినీ అందులో రాయమంటే ఖర్చయ్యేది ఒక పుస్తకం.

అందాకా పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరే దిక్కు. మొదటి డోసు వెయ్యకముందు ఆ రోజు గడిలో రాయండి: పిల్లి బరువు (మీరు ఎత్తుకుని తూకమెక్కి, మీ బరువు తీసెయ్యండి), ఎంత తిన్నది, విరేచనం ఎలా ఉంది, నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది (30 లోపు ఉండాలి), ఎండలో కంటిపాప ఎలా ఉంది. కింద మందు పేరు, ఎన్ని మి.లీ., ఏ వేళకు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ నెల కాగితం చింపుకుని, మందు సీసాతో సహా తీసుకెళ్ళండి.